కూసీ దొరల కోట

గత వేసవిలో మన సంఘం కుటుంబాలు కొన్ని కలిసి బస్సు మాట్లాడుకొని ఫ్రాన్సు వెళ్ళివచ్చిన సంగతి పాఠకులకు తెలుసు. పారిస్‌లో మేము చూసినవి అందరూ చూసేవే. వాటిని గురించి రాసి ఈ పేజీలు నింపదలచుకోలేదు. తిరుగు ప్రయాణంలో కలే రేవుకు పోయే దారి వదిలి, కాస్త తూర్పుకు తిరిగి, ఒక పూట ఆగిన చిన్న ఊరి గురించి, ఆ ఊరి కోట గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

ఊరి పేరు కూసీ. ఆ పేరు వినగానే బస్సులో పిల్లలు "కూసింది కోడా, కాకా?" అని ఒకటే నవ్వు. పారిస్‌కు ఈశాన్యంగా నూరు కిలోమీటర్లకు పైన, స్వాసోన్, లాన్ అనే రెండు పాత పట్టణాల మధ్య, ఐలెట్ అనే చిన్న నది లోయకు పైన, ముక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఒక గుట్ట మీద ఉన్నదీ ఊరు. పాతకాలంలో ఈ సీమను పికార్డీ అనేవారు. ఊళ్ళో జనం వెయ్యి మంది ఉంటారు. గుట్ట చుట్టూ ప్రాకారం, దానికి ముప్పై దాకా బురుజులు, మూడు దిక్కులా మూడు ద్వారాలు. లాన్ వైపు ద్వారం మన సింహద్వారాలను గుర్తుకు తెచ్చేటంత దిట్టంగా ఉంది. అది దాటి, ఊళ్ళోంచి నడిచి, గుట్ట కొసకు చేరితే కోట.

కోట అంటే ఏముంది? చుట్టుగోడలు కొంత, నేలమాళిగలు, విరిగిన బురుజుల మొదళ్ళు, మధ్యలో తెల్లని రాళ్ళ గుట్ట. అంతే. మాలో అందరం "మాస్టారు" అని పిలుచుకునే పెద్దాయన చేతికర్ర ఆనించి నిలబడి, ఆ రాళ్ళ వంక కాసేపు చూసి, "ఏమండీ, ఈ రాళ్ళకుప్ప చూపించడానికా మమ్మల్ని ఇంత దూరం తిప్పి తీసుకొచ్చారు? దీనికన్నా మా కొండవీడు నయం కాదూ?" అన్నారు. అక్కడ ఉన్నవాళ్ళం నవ్వేశాం గాని, సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాం. మాస్టారికి ఇది మా జవాబు.

ఈ గుట్ట మీద మొదట కోట కట్టించినది రాజూ కాదు, దొరా కాదు, మతాచార్యుడు. పదవ శతాబ్దపు తొలి రోజుల్లో రాంస్ నగరపు ఆర్చిబిషప్పు ఎర్వే ఇక్కడ ఒక కోట వేయించాడు. తరువాత అది చేతులు మారి, పదకొండవ శతాబ్దం చివరికి ఆంగెరాన్ అనే దొర వంశానికి దక్కింది. అప్పటి నుంచి మూడు వందల ఏళ్ళు కూసీ అంటే ఆ దొరలే. వాళ్ళలో ఏడుగురి పేరు ఆంగెరానే కావడం వల్ల మనలాంటివాళ్ళకు ఎవరెవరో తెలుసుకోవడం కష్టం. అందుచేత ముఖ్యమైన నలుగురినే చెప్పుకుందాం.

మొదటివాడు తొమా ద మార్ల్. మొదటి ఆంగెరాన్ కొడుకు. 1112లో పక్కనున్న లాన్ పట్టణ ప్రజలు, తాము డబ్బు పోసి కొనుక్కున్న స్వపరిపాలన హక్కును తమ బిషప్పు రద్దు చేయించాడని తిరగబడి, ఆయనను చంపేశారు. ఆ తిరగబడ్డవారిలో కొందరికి తొమా ఆశ్రయమిచ్చాడు. ప్రజల మీద ప్రేమతో చేశాడనుకుంటే పొరపాటు. బాటసారులను దోచడం, పట్టుకొన్నవారిని హింసించి డబ్బు గుంజడం అతని నిత్యకృత్యమని ఆ కాలపు మతాచార్యులు రాసిపెట్టారు. ఆరవ లూయీ రాజు అతని మీద పదే పదే దండెత్తవలసివచ్చింది. చివరికి 1130లో తొమా గాయపడి, రాజుకు చిక్కి, ఖైదులోనే చనిపోయాడు.

రెండవవాడు మూడవ ఆంగెరాన్. మేము చూసిన రాళ్ళగుట్టను ఒకప్పుడు బురుజుగా నిలబెట్టినవాడు ఇతనే. 1214లో బూవీన్ యుద్ధంలో ఫ్రెంచి రాజు పక్షాన పోరాడి పేరు తెచ్చుకున్నాడు. తరువాత రాజు చనిపోయి, అతని కొడుకూ త్వరలోనే పోయి, పన్నెండేళ్ళ పసివాడు తొమ్మిదవ లూయీ సింహాసనం ఎక్కాడు. తల్లి రాణీ బ్లాంష్ కొడుకు తరఫున రాజ్యం నడిపింది. ఆడమనిషి ఏలుబడిలో మనకు ఎదురేమిటని ఊహలు పోయిన దొరల్లో ఇతనొకడు. 1220ల నుంచి, 1242లో తను చనిపోయేదాకా, కూసీ కోటను కొత్తగా కట్టించాడు.

ఆ కట్టడపు కొలతలు వింటే అతని మనసులో ఏముందో తెలుస్తుంది. పారిస్‌లో లూవ్రు మ్యూజియం నేలమాళిగలో పాత రాజకోట పునాదులు మేమందరం చూశాం. ఆ కోటలో రాజుగారి ప్రధాన బురుజు వ్యాసం సుమారు 15 మీటర్లు, ఎత్తు సుమారు 30 మీటర్లు. కూసీలో నాలుగు మూలలా ఉన్న మామూలు బురుజులే దానికన్నా పెద్దవి. ఇక మధ్యనున్న పెద్ద బురుజు ఎత్తు 55 మీటర్ల వరకూ, అంటే 180 అడుగులు. వ్యాసం 30 మీటర్లకు పైన. అడుగున గోడ మందమే ఏడు మీటర్లకు మించింది. ఆ గోడలోంచి తలుపు తీసి లోపలికి పోవాలంటే మన ఊళ్ళో ఒక మూడు గదుల ఇంటిని ఈ చివర నుంచి ఆ చివరకు దాటినట్లు. లోపల ఒకదాని మీద ఒకటి మూడు అంతస్తులు, మూడింటికీ రాతి కమానుల పైకప్పు. ఐరోపాలో ఇంత పెద్ద బురుజు మరొకటి లేదని చరిత్రకారులు చెప్తారు. రాజు కావాలన్న ఆశ మాటల్లో ఉన్నా లేకపోయినా రాళ్ళలో మాత్రం ఉంది. రాజు బిరుదుగాని డ్యూకు బిరుదుగాని మాకు అక్కరలేదు, కూసీ దొర అనిపించుకుంటే చాలు అని ఆ వంశం వారి బిరుదువాక్యానికి భావం.

ఇంత ఎత్తుకు రాళ్ళు ఎలా మోశారు? దీనికి జవాబు గోడలోనే ఉండేది. పరంజి కర్రలు దూర్చిన రంధ్రాలు అడ్డంగా వరసలుగా కాకుండా, బురుజు చుట్టూ మరచుట్టులా పైకి పోతూ కనిపించేవట. అంటే పనివాళ్ళు గోడలోకి కర్రలు దిగ్గొట్టి, వాటి మీద పలకలు పరిచి, బురుజు చుట్టూ తిరుగుతూ పైకి పోయే బాట వేసుకున్నారన్నమాట. గోడ పెరిగినకొద్దీ బాటా పెరిగింది. ఆ బాట మీదే రాళ్ళూ సున్నమూ పైకి చేరాయి. కట్టించిన దొర పేరు అందరికీ తెలుసు. ఆ బాట మీద బరువు మోసిన వారి పేర్లు ఒక్కటీ లేవు. వాళ్ళ గుర్తుగా మిగిలినవి ఆ రంధ్రాలే.

పెద్ద బురుజు ద్వారం మీద ఒక యోధుడు సింహంతో పోరాడుతున్న శిల్పం ఉండేది. పూర్వం ఒక కూసీ దొర అడవిలో సింహాన్ని చంపాడని కథ. ఫ్రాన్సు అడవిలో సింహమేమిటని అడగకూడదు, కథలకు అడవులు వేరు. ఈ సింహం ముందు ఒక వింత ఆచారం జరిగేది. కొండ కింద నోజాన్ అనే మఠం ఉంది. ఆ మఠం తరఫున ఒకతను గుర్రమెక్కి, కుక్కను వెంటబెట్టుకొని వచ్చి, కొరడా మూడుసార్లు ఝళిపించి, రాతి సింహం ముందు వంగి దండం పెట్టి, మన కజ్జికాయల వంటి పిండివంట పంచిపెట్టాలి. కుక్క మెడలో కూడా ఒకటి కట్టాలి. ఇది కౌలు చెల్లింపు. ఏ ఒక్క లాంఛనం తప్పినా జరిమానా. చదువుతుంటే మనకు నవ్వు వస్తుంది గాని, దొర ముందు వంగి దండం పెట్టించుకోవడంలోని అసలు ఉద్దేశం నవ్వులాట కాదు. తెలంగాణలో గడీల ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన వాళ్ళ మనవలు మన సంఘంలోనే ఉన్నారు. వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మూడవవాడు నాలుగవ ఆంగెరాన్. 1250ల చివర ముగ్గురు కుర్రవాళ్ళు తన అడవిలో వేటాడుతూ దొరికారని, విచారణ లేకుండా ఉరితీయించాడు. వాళ్ళు దగ్గరి మఠంలో ఫ్రెంచి భాష నేర్చుకోవడానికి వచ్చిన ఫ్లాండర్స్ పిల్లలు. పసివాడుగా గద్దెనెక్కిన తొమ్మిదవ లూయీ అప్పటికి పెద్దవాడై, న్యాయానికి పేరుపొందాడు. ఆంగెరాన్‌ను పట్టి తెప్పించి ఖైదులో పెట్టి, తానే విచారించాడు. మరణశిక్ష వేయాలనే రాజు ఉద్దేశం. దేశంలోని పెద్ద దొరలందరూ కూడబలుక్కొని అడ్డుపడితే, చివరికి భారీ జరిమానాతో వదిలాడు. అంత ఎత్తు బురుజుకూ పైన ఒక న్యాయం ఉందని ఆ దొరకు తెలిసిరావడం ఫ్రెంచి వారు ఇప్పటికీ చెప్పుకునే కథ.

నాలుగవవాడు, ఆ వంశంలో చివరి మగదిక్కు, ఏడవ ఆంగెరాన్. ఇంగ్లండులో ఉంటున్న మనకు ఇతని కథ దగ్గరది. నూరేళ్ళ యుద్ధంలో ఇంగ్లీషువారికి చిక్కిన ఫ్రెంచి రాజు విడుదలకు జామీనుగా 1360లో ఇరవై ఏళ్ళ వయసులో ఇంగ్లండు వచ్చాడు. వచ్చినవాడు మూడవ ఎడ్వర్డు రాజు పెద్దకూతురు ఇసబెల్లా మనసు గెలుచుకొని, 1365లో విండ్సరులో పెళ్ళాడి, మరుసటి ఏడు బెడ్‌ఫర్డు ఎర్లు అయ్యాడు. బందీగా వచ్చి అల్లుడుగా తిరిగి వెళ్ళాడు. అటు జన్మభూమి, ఇటు మామగారి దేశం, రెండింటికీ యుద్ధం. ఎన్నో ఏళ్ళు ఎవరి పక్షానా కత్తి పట్టకుండా ఇటలీ వైపు వెళ్ళి కాలక్షేపం చేశాడు. 1377లో ఎడ్వర్డు చనిపోగానే ఇంగ్లీషు బిరుదులన్నీ వదులుకొని తన దేశం వైపు నిలిచాడు. రెండు దేశాల మధ్య బతుకుతున్న మనకు అతని ఇబ్బంది కొంత అర్థమవుతుంది.

కోటలో అందమైన భాగాలు కట్టించినది ఇతనే. 1380లలో రెండు పెద్ద దర్బారు గదులు కట్టించాడు. ఒకదానిలో పురాణ చరిత్రలలోని తొమ్మండుగురు వీరుల బొమ్మలు, రెండవదానిలో తొమ్మండుగురు వీరనారుల బొమ్మలు. ఆరు వందల ఏళ్ళ కిందట ఆడవారి శౌర్యానికి ఒక గది కేటాయించడం మా బస్సులోని ఆడవారందరికీ నచ్చింది. 1396లో తురుష్కుల మీదికి పోయిన సైన్యంతో వెళ్ళి, నికోపోలిస్ యుద్ధంలో పట్టుబడి, 1397లో బుర్సా పట్టణంలో ఖైదీగానే ఆంగెరాన్ కన్నుమూశాడు. అమెరికా రచయిత్రి బార్బరా టక్‌మన్ పద్నాలుగవ శతాబ్దం మీద 1978లో ప్రచురించిన పెద్ద పుస్తకానికి ఇతని జీవితాన్నే దారంగా తీసుకున్నది.

కొడుకులు లేరు. కూతురు మరీ కోటను రాజుగారి తమ్ముడు లూయీ, ఓర్లియాన్ డ్యూకుకు అమ్మివేసింది. క్రమంగా అది రాజుల ఆస్తి అయింది. 1535లో ఫ్రాన్సువా రాజు ప్రొటెస్టెంట్ల మీద వేధింపులు తగ్గిస్తూ ఇక్కడి నుంచే ఒక శాసనం ఇచ్చాడు. కూసీ శాసనం అనే పేరుతో అది చరిత్ర పుస్తకాల కెక్కింది. 1594లో నాలుగవ హెన్రీ రాజు కొడుకు సెజార్ ఈ కోటలోనే పుట్టాడు.

ఇక్కడి నుంచి కోట పతనం కథ. శత్రువులు పడగొట్టారనుకుంటాం. మొదట పడగొట్టినది ఇంటివారే. పద్నాలుగవ లూయీ బాల్యంలో దొరలు తిరుగుబాటు చేశారు. కూసీ కోట వారి చేతిలో ఉండిపోవడం మంత్రి మజరాన్‌కు కంటగింపు అయింది. 1652లో అతని ఆజ్ఞ మీద మందుపాతరలు పెట్టి కోటను పనికిరాకుండా చేశారు. పెద్ద బురుజు లోపలి కమానులు కూలిపోయాయి. బయటి గోడ మాత్రం కదలలేదు. 1692లో భూకంపం వచ్చి ఆ గోడను పైనుంచి కిందికి బీట వేసింది. అయినా నిలిచింది. ఫ్రెంచి విప్లవం తరువాత కోట ఊరి ధర్మాసుపత్రి చేతికి వచ్చింది. కంచే చేను మేసినట్లు, వాళ్ళు రాళ్ళను అమ్ముకున్నారు. దొర రాళ్ళతో ఊరివాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. దీన్ని తప్పుపట్టడానికి మాకు నోరు రావడం లేదు. ఆ రాళ్ళు వాళ్ళ తాతలు మోసినవే కదా. కాని ఒక్కొక్క రాయీ పోతుంటే కోట పోతున్నదన్న ఎరుక మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఎరుక ఉన్నవారు ఇద్దరు. ఇద్దరూ యోధులు కారు, గీతలు గీసేవాళ్ళు. ఒకరు ద్యు సెర్సో. పదహారవ శతాబ్దపు శిల్పి. ఫ్రాన్సులోని గొప్ప భవనాల బొమ్మలతో 1576లో వేసిన పుస్తకంలో కూసీని చేర్చాడు. మజరాన్ మందుపాతరలకు డెబ్భై ఆరేళ్ళ ముందు కోట ఎలా ఉండేదో ఆ బొమ్మల వల్లనే తెలుస్తున్నది. రెండవవారు పందొమ్మిదవ శతాబ్దపు వాస్తుశిల్పి వియొలె ల ద్యుక్. 1829లో, తరువాతి రోజుల్లో రాజైన లూయీ ఫిలిప్, కోటను కొని రాళ్ళ అమ్మకం ఆపించాడు. తరువాత ప్రభుత్వం తరఫున 1850లలో వియొలె ల ద్యుక్ వచ్చి, బీటలు వారిన పెద్ద బురుజుకు పీపాకు పట్టీలు వేసినట్లు ఇనుప పట్టీలు వేయించి, పైన కప్పు వేయించాడు. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి చేశాడు. బురుజును అంగుళం అంగుళం కొలిచి, కోసి చూపినట్లు పటాలు గీసి, తన వాస్తు నిఘంటువులో అచ్చువేశాడు. పరంజి రంధ్రాల రహస్యం విప్పినవాడూ ఆయనే. 1862లో కోట రక్షిత కట్టడమైంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కూసీకి కొద్ది దూరంలోనే ప్యేర్‌ఫోన్ అనే మరో ఊరి కోట ఉంది. దాన్ని కట్టించినది కూసీని కొన్న ఓర్లియాన్ డ్యూకే. అదీ పాడుపడింది. మూడవ నెపోలియన్ చక్రవర్తి కోరిక మీద అదే వియొలె ల ద్యుక్ 1857 నుంచి దానిని బాగుచేశాడు. బాగుచేయడమంటే మామూలుగా కాదు, గోడలు, బురుజులు, చావిళ్ళు, బొమ్మలు అన్నీ కొత్తగా. ఎక్కడ పాత ఆధారం దొరకలేదో అక్కడ తన ఊహతో నింపాడు. నేడు ప్యేర్‌ఫోన్ పెళ్ళికొడుకులా మెరిసిపోతూ ఉంటుంది. కూసీకి మాత్రం కట్టు కట్టి, కొలిచి, అలాగే ఉంచాడు. ఒకే చేతి కింద రెండు కోటలు, రెండు వైద్యాలు.

1914 సెప్టెంబరులో జర్మను సైన్యం కూసీని ఆక్రమించింది. కోట చూడడానికి జర్మను చక్రవర్తి విల్హెల్మ్ స్వయంగా వచ్చాడు. 1917 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జర్మనులు హిండెన్‌బర్గు రేఖ అనే కొత్త వరసకు వెనక్కి తగ్గుతూ, వదిలిపోయే సీమలో శత్రువుకు ఉపయోగపడేది ఏదీ మిగలకుండా ఇళ్ళు, వంతెనలు, బావులు, పండ్లతోటలు అన్నీ నాశనం చేశారు. కూసీ కోటను విడిచిపెట్టమని బవేరియా యువరాజు రుప్రెక్ట్, తానూ జర్మను సేనాధిపతే అయినా, పైకి అడిగి చూశాడు. లూడెన్‌డార్ఫ్ ఒప్పుకోలేదు. 1917 మార్చిలో 28 టన్నుల మందుగుండు పెట్టి పెద్ద బురుజునూ నాలుగు మూల బురుజులనూ పేల్చివేశారు. ఫిరంగులు వచ్చిన కాలంలో ఏడు వందల ఏళ్ళనాటి బురుజు వల్ల సైన్యానికి ఒరిగేదేమిటో ఇప్పటికీ చరిత్రకారులు తేల్చలేదు. దొరల గర్వాన్ని, మంత్రి కోపాన్ని, భూకంపాన్ని, రాళ్ళ అమ్మకాన్ని తట్టుకున్నది ఒక్క పేలుడుతో నేలమట్టమైంది. మేము చూసిన తెల్లని గుట్ట అదే.

ఆ వెనుకంజను తరుముతూ ఉత్తరాన పెరోన్ వైపు సాగిన ఇంగ్లీషు సైన్యంలో అయిదవ అశ్వదళ డివిజను ఒకటి. అందులో ఒక బ్రిగేడు పేరు సికింద్రాబాదు బ్రిగేడు. దానిలోని దక్కన్ హార్స్ అనే రెజిమెంటు పూర్వం నిజాం రాజ్యం కోసం పెట్టిన అశ్వదళం నుంచి వచ్చినదే. సిపాయిల్లో సిక్కులు, జాట్లు, దక్కను ముస్లింలు ఉండేవారు. 1914 నుంచి 1918 దాకా వాళ్ళు ఫ్రాన్సు బురదలోనూ చలిలోనూ ఉన్నారు. పికార్డీ సీమలో సికింద్రాబాదు పేరు ఒకప్పుడు వినిపించిందని మాలో చాలామందికి అంతవరకు తెలియదు.

యుద్ధం ఇంకా ముగియకముందే, 1917 ఏప్రిల్‌లో ఫ్రెంచివారు ఆ శిథిలాన్ని అనాగరికతకు స్మారకంగా ప్రకటించారు. యుద్ధానంతరం జర్మనీ ఇచ్చిన నష్టపరిహారం డబ్బుతో మూల బురుజుల మొదళ్ళను శుభ్రం చేసి, గోడలు గట్టిపరిచారు. పెద్ద బురుజు రాళ్ళను మాత్రం ముట్టుకోలేదు. పడ్డవి పడ్డట్లే ఉంచారు. ఊరు కూడా యుద్ధంలో చాలావరకు నేలమట్టమైంది. ఊరివాళ్ళు తిరిగి వచ్చి ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నారు.

కొలతలన్నీ ఉన్నాయి కదా, పటాలున్నాయి కదా, మళ్ళీ కట్టేస్తే పోలేదా అని మా కుర్రవాళ్ళు బస్సులో అడిగారు. దీని మీద రేవు చేరేదాకా వాదన జరిగింది. మాలో ఇంజినీర్లు కట్టవచ్చునన్నారు. మా అభిప్రాయం వేరు. మళ్ళీ కడితే అది ఈ కాలపు బురుజు అవుతుంది గాని ఆంగెరాన్ బురుజు కాదు. అంతకుమించి, 1917 మార్చిలో జరిగినది కనబడకుండా పోతుంది. కట్టడమూ చరిత్రే, కూల్చడమూ చరిత్రే. ప్యేర్‌ఫోన్ చూసినవారు మధ్యయుగం ఎంత అందంగా ఉండేదో అనుకొని ఇంటికి పోతారు. కూసీ చూసినవారు ఇదెలా జరిగిందని అడుగుతారు. మాస్టారు అడిగినట్లు.

అయితే అనాగరికత అనే మాట దగ్గర మేము కాస్త ఆగవలసివచ్చింది. కోటలు కూల్చడం ఒక జాతి సొత్తు కాదు. ఈ కూసీనే 1652లో గుల్ల చేసినది ఫ్రెంచి మంత్రి. ఇంకొకటి. 1757 జనవరిలో విజయనగరం రాజు పక్షాన వచ్చి బొబ్బిలి కోట మీద ఫిరంగులు ఎక్కుపెట్టిన బుస్సీ పేరు తెలియని తెలుగువాడు లేడు. ఆ బుస్సీ పుట్టినది ఈ స్వాసోన్ ప్రాంతంలోనే, కూసీకి కూతవేటు అనలేం గాని, ఒక పూట ప్రయాణంలో. ఆ మట్టికోట పడినరోజున లోపల ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని తమవారి చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. ఈ సంగతి కూసీలో ఎవరికీ తెలియదు. తెలియజెప్పడం మన పని, వారి తప్పు కాదు.

బొబ్బిలి మాట వచ్చింది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాం. కూసీ కూలింది, కాని దాని ప్రతి అంతస్తు కొలతా కాగితం మీద ఉంది. బొబ్బిలి కూలింది, కాని ఊరూరా జంగాలు దాని కథ పాడారు. తాండ్ర పాపారాయుడు ఎలా నడిచాడో, రంగారావు భార్య మల్లమ్మ ఎలా మాట్లాడిందో మన అమ్మమ్మలకు తెలుసు. కాని కోట ఎంత వెడల్పు, గోడ ఎంత ఎత్తు, బురుజులు ఎన్ని? అది తెలుసుకోవాలంటే ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ పుస్తకం వెతకాలి. మనవాళ్ళు మనుషులను గుర్తుపెట్టుకున్నారు, వీళ్ళు రాళ్ళను గుర్తుపెట్టుకున్నారు. ఏది గొప్ప అని మేము తీర్పు చెప్పడం లేదు. రెండూ ఉంటే బాగుండేది.

అందుచేత మాస్టారికి మా జవాబు ఇది. కూసీ కోట దొరలది. గర్వంతో కట్టారు, జనం చేత దండాలు పెట్టించుకున్నారు. దొరలు పోయారు, కోట పోయింది. మిగిలినది దాన్ని కొలిచినవాళ్ళ శ్రద్ధ, కూలిన రాళ్ళను కూలినట్లే కాపాడుతున్న ఊరివాళ్ళ ఓపిక. వేసవిలో ఆ ఊరివాళ్ళే వేషాలు కట్టి ఆ గోడల మధ్య కోట కథను ఆడతారట. తాతల చేత రాళ్ళు మోయించిన దొర వేషం మనవడు కడతాడు. ఆ రోజుతో కోట వాళ్ళదైపోయినట్లే. ఇది చూపించడానికే మిమ్మల్ని అంత దూరం తీసుకువెళ్ళాం మాస్టారూ.

ఆయన మాత్రం మా జవాబు కోసం ఆగలేదు. ఓడలో అందరూ టీలు తాగుతుంటే, ఆయన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, ఒక కాగితం మీద తమ ఊరి మట్టికోట గీయడం మొదలుపెట్టారు. గుంటూరు జిల్లాలో ఆయన ఊళ్ళో ఆ కోట ఆయన చిన్నతనంలో ఉండేది. తరువాత మట్టి తవ్వుకుపోయి, ఇళ్ళ స్థలాలై, ఇప్పుడు ఆనవాలు లేదు. అగడ్త గీశారు. ద్వారం గీశారు. ద్వారం పక్కన చింతచెట్టు గీశారు. ఒక పిల్ల, "తాతగారూ, బురుజులు ఎన్ని?" అని అడిగింది. మాస్టారు కలం పైకెత్తి చాలాసేపు ఆలోచించారు. "నాలుగో, ఆరో. వెనకవైపుకు మేము పోయేవాళ్ళం కాదమ్మా, పాములుంటాయని" అన్నారు. ఆ వెనకవైపు గీయకుండా అలాగే వదిలేశారు.

ఆ కాగితం మా దగ్గరే ఉంది. వచ్చే సంచికలో స్టెన్సిలు మీదికి ఎక్కించి వేస్తాం. ఆ ఊరివారెవరైనా మన సభ్యుల్లో ఉంటే, లేదా అక్కడ వయసు మళ్ళిన బంధువులుంటే, బురుజులు ఎన్నో అడిగి మాకు రాయండి. అలాగే మీ మీ ఊళ్ళలో కోటగాని, గడీగాని, పాత దివాణంగాని ఉంటే, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక టేపు, ఒక నోటుపుస్తకం వెంట తీసుకువెళ్ళండి. వెనకవైపుకు కూడా వెళ్ళి చూడండి. పాముల సంగతి మాత్రం ఊరివాళ్ళను అడిగి, జాగ్రత్తగా.